హరీసా నుంచి హలీం వరకు: ఒక దేగు చరిత్ర

లోకంలో తప్పక రుచి చూడదగిన సంప్రదాయ వంటకాలను గూర్చి ఈ ఏటి సంచికకు ఒక వ్యాసం రాయవలసిందిగా సంఘం పెద్దలు మమ్మల్ని కోరారు. మేము ఉర్దూ మీడియం బడిపంతులం. వంటలో మాకున్న ప్రవేశం తినటం వరకే. దేశదేశాల వంటకాల పేర్లు వరుసగా రాసి, ఇది తీపి, అది కారం అని చెప్పి ఊరుకోవచ్చు. అలాంటి జాబితా చదివితే నోరూరుతుంది గాని కడుపు నిండదు. అందుచేత ఒకే ఒక్క వంటకాన్ని పట్టుకున్నాము. అరబ్బు దేశాల్లో అది హరీసా, టర్కీలో కెష్కెక్, మనకు హలీం. వెయ్యి సంవత్సరాలకు పైబడిన లిఖిత చరిత్ర దానికి కలదు.

దీన్నే ఎంచుకోవటానికి మరో కారణం ఉంది. ఈ మధ్య మన మైలవరం, కొండపల్లి, ఇబ్రహీంపట్నం ప్రాంతాల్లో నికాహ్ విందుకు వెళ్ళినా, వలీమాకు వెళ్ళినా “హలీం ఉందా?” అన్న మాటే ముందు వినబడుతున్నది. ఉందనగానే రెండో విచారణ మొదలు: మాంసం ఎంత వేశారు, పప్పు ఎంత కలిపారు? పప్పు కాస్త తగిలితే చాలు, “ఇది హలీమా, దాల్చానా?” అని పక్కవాడిని చూసి నవ్వటం. ఆ నవ్వుకు జడిసి, నూటికి ఇంత వడ్డీ అని తెచ్చి హలీం దేగు పొయ్యి మీదికి ఎక్కించిన ఆడపిల్లల తండ్రులను మేమెరుగుదుము. పప్పూ కూరగాయా కలిస్తే హలీం కాకుండా పోతుందా? ఈ ప్రశ్నకు జవాబు వంటవాడి కంటె చరిత్ర బాగా చెప్పగలదని మాకు తోచింది.

ముందు పేరు సంగతి. అరబీలో “హరస” అంటే దంచటం, నలగగొట్టటం. అలా నలగగొట్టి చేసింది హరీసా. గోధుమ, మాంసం, నీళ్ళు, ఉప్పు, సన్నని సెగ, ఒక కట్టె గరిటె. దీని అసలు సరంజామా ఇంతే. పదవ శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ అనే ఆయన కూర్చిన పాకశాస్త్ర గ్రంథంలోనే హరీసా కనబడుతుంది. తర్వాత 1226లో ముహమ్మద్ బిన్ హసన్ అల్ బాగ్దాదీ రాసిన వంటల పుస్తకంలో దాన్ని చేసే విధానం ఇంకా వివరంగా ఉంది. మాంసం ఉడకబెట్టి, పీచు పీచుగా తీసి, దంచిన గోధుమతో కలిపి, రాత్రంతా పొయ్యి మీద ఉంచి, మధ్య మధ్య లేచి బాగా మెదిపి, తెల్లవారుజామున దించాలి. పైన దాల్చినచెక్క, జీలకర్ర పొడి, నిమ్మరసం. చదువుతుంటే మన రంజాను బజారులో నిలబడ్డట్టే ఉంటుంది. ఆ పుస్తకం వచ్చిన ముప్ఫై రెండేళ్ళకు, 1258లో, హులాగూ సైన్యాలు బాగ్దాదును నేలమట్టం చేశాయి. నగరం పోయింది, ఖిలాఫత్ పోయింది. హరీసా పోలేదు.

ఇవి గొప్పింటి పుస్తకాలు. సామాన్యుడు మాత్రం హరీసాను బజారులో కొనుక్కుని తినేవాడు. అందుకు సాక్ష్యం మరోచోట దొరుకుతున్నది. ఆనాటి ముస్లిం నగరాల్లో “ముహ్తసిబ్” అనే అధికారి ఉండేవాడు. తూనికలు, కొలతలు, సరుకుల నాణ్యం చూడటం అతని పని. మన ఫుడ్ ఇన్స్పెక్టరు లాంటివాడన్న మాట. పన్నెండవ శతాబ్దంలో సిరియాకు చెందిన అల్ షైజరీ ఈ అధికారుల కోసం ఒక మార్గదర్శక గ్రంథం రాశాడు. అందులో హరీసా చేసి అమ్మేవారి మీద విడిగా ఒక అధ్యాయం పెట్టవలసి వచ్చింది! అంటే అప్పటికే అది వీధివీధిన అమ్ముడుపోయే సరుకు అనీ, అందులో మోసాలు కూడా జరిగేవనీ తెలుస్తూనే ఉన్నది. మెదిపిన దేగులో ఏమి పడిందో కళ్ళకు కనబడదు గదా! మోసగాడి పని ఆనాడూ సులువే, ఈనాడూ సులువే. కాని ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. పాడైన మాంసం వేయటం, ఒకటి చెప్పి మరొకటి కలపటం మోసం. పప్పు వేశామని చెప్పి పప్పు వేయటం మోసం ఎలా అవుతుంది?

హరీసా మరో ముఖం చూడాలంటే ఇబ్న్ బతూతా వెంట నడవాలి. పద్నాలుగో శతాబ్దపు ఈ మొరాకో యాత్రికుడు ఇరాన్‌లోని కాజరూన్ పట్టణంలో షేక్ అబూ ఇస్హాక్ గారి ఖాన్కాకు వెళ్ళాడు. అక్కడికి వచ్చిన వాడు ఎవరైనా సరే, మాంసం, గోధుమ, నెయ్యి కలిపి చేసిన హరీసాను రొట్టెతో పెడతారనీ, మూడు రోజులు అతిథిగా ఉంచుకుని గాని పంపించరనీ రాశాడు. హిందూ సముద్రంలో, చీనా సముద్రంలో తుపాను వస్తే వర్తకులు ఈ షేక్ పేర మొక్కుకునేవారట. ఒడ్డు చేరాక ఆ మొక్కుబడి సొమ్ము ఖాన్కాకు చేరేది. ఆ సొమ్ముతో దేగు ఉడికేది. ఊరూ పేరూ అడగకుండా వచ్చిన ప్రతివాడికీ ఒక పళ్ళెం అందేది. ఇలా పంచటానికి హరీసాను మించిన వంటకం లేదు. ఎందుకంటే బిర్యానీలో ముక్క లెక్క తెలుస్తుంది, ఎవరికి ఎన్ని పడ్డాయో కళ్ళు చూస్తూనే ఉంటాయి. హరీసాలో ముక్క అనేది ఉండదు. వేసిన మాంసం ఎంత కొద్దిదైనా అందరి గిన్నెలోకీ సమంగా వస్తుంది.

ఇది ఒక్క ముస్లిముల వంటకం కూడా కాదు. ఆర్మీనియా క్రైస్తవులు కూడా దీన్ని “హరీసా” అనే అంటారు. వారిలో ఒక ఐతిహ్యం ఉంది: సెయింట్ గ్రిగరీ బీదలకు అన్నదానం చేస్తుంటే గొర్రెలు చాలక గోధుమ కలిపారనీ, అడుగంటకుండా “హరెఖ్, హరెఖ్” అంటే కలపండి, కలపండి అన్నాడనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చెప్పుకుంటారు. మాట పుట్టుక అరబీదేనని మా అభిప్రాయం గాని, కథలోని లెక్క మాత్రం సరైనదే. మాంసం చాలనప్పుడు గోధుమ ఆదుకుంది. 1915లో ఒట్టోమన్ సైన్యానికి ఎదురు తిరిగి మూసా దాగ్ కొండ మీద నిలిచి, చివరకు ఫ్రెంచి యుద్ధనౌకల వల్ల బతికి బయటపడిన ఆర్మీనియన్ల సంతతి వారు నేటికీ ప్రతి సెప్టెంబరులో పెద్ద పెద్ద దేగుల్లో హరీసా వండి ఆనాటివారిని తలచుకుంటారు.

టర్కీ పల్లెల్లో పెళ్ళికీ, సున్తీకీ, పండుగకూ కెష్కెక్ వండుతారు. ముందురోజే దువా చేసి గోధుమ కడుగుతారు. డోలూ సన్నాయీ వాయిస్తూ పెద్ద రాతి రోటి దగ్గరకు మోసుకుపోయి కట్టె సుత్తులతో దంచుతారు. వండేటప్పుడు ఊళ్ళో మగా ఆడా అంతా తలో చెయ్యి వేస్తారు. 2011లో యునెస్కో వారు దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వాల పట్టీలో చేర్చారు. గల్ఫు దేశాల హరీస్ కూడా ఆ పట్టీలోకి 2023లో చేరింది. దాన్ని తమదని సమర్పించినవి ఎమిరేట్స్, ఒమాన్, సౌదీ అరేబియా. మన ఊళ్ళ నుంచి ఆ దేశాలకు పనికి వెళ్ళిన కుర్రాళ్ళు దాన్ని తినే ఉంటారు. మసాలా లేదు, మిరప లేదు, చప్పగా ఉందని వారు మాతో అన్న మాట నిజమే. ఆ చప్పనే అసలు రుచి. గోధుమ వాసన, మాంసం వాసన, నెయ్యి వాసన మూడూ విడివిడిగా నాలుకకు తెలుస్తాయి. ఇరాన్‌లో హలీం పొద్దుటి ఫలహారం, పైన చక్కెరా దాల్చినచెక్క పొడీ చల్లుకుంటారు. శ్రీనగర్‌లో చలికాలం తెల్లవారుజామున పాతబస్తీ దుకాణాల్లో దొరికే హరీసాలో గోధుమ బదులు బియ్యమే ఎక్కువగా వాడతారు. బియ్యంతో హరీసా! మన పాత కృష్ణా జిల్లా వారు గమనించదగిన విషయం.

ఇక హిందూస్థానంలో దీని జాతకం మారిన తీరుకు అబుల్ ఫజల్ రాసిన ఆయినె అక్బరీ సాక్షి. పదహారవ శతాబ్దం చివరి గ్రంథం అది. అక్బరు వంటశాలలో ఏ వంటకానికి ఏ సరుకు ఎన్ని సేర్లు పడుతుందో మన రేషను డీలరు రిజిస్టరులాగా అందులో రాసి ఉంది. హరీసాకు మాంసం 10 సేర్లు, దంచిన గోధుమ 5 సేర్లు, నెయ్యి 2 సేర్లు, ఉప్పు అర సేరు, కొద్దిగా దాల్చినచెక్క. దీంతో 5 పళ్ళాలు వస్తాయన్నాడు. అదే గ్రంథంలో హలీం కూడా విడిగా ఉంది. మాంసమూ గోధుమా అంతే. వాటికి శనగపప్పు చేరింది. షల్గం దుంప, క్యారెట్టు, పాలకూర, సోపు ఆకు ఒక్కొక్కటి అర సేరు చొప్పున చేరాయి. నెయ్యి ఒక్క సేరే. వచ్చేవి మాత్రం 10 పళ్ళాలు!

ఈ లెక్కను మా పిల్లలకు తరగతిలో వేసి చూపించాము. మాంసం పెరగలేదు. నెయ్యి సగమయింది. వడ్డన రెట్టింపయింది. పాదుషా వంటశాలలోనే, ఖజానా తలుపులు తెరిచి ఉన్న చోటనే, హరీసాకూ హలీంకూ ఉన్న తేడా పప్పూ కూరగాయా అని కాగితం మీద రాసి పెట్టారు. కాబట్టి పప్పు కలిపింది హలీం కాదనటం చరిత్రకు విరుద్ధం. పప్పు కలిపిందే హలీం, కలపనిది హరీసా అంటే అదే ఎక్కువ ఒప్పు.

ఇక్కడ ఉర్దూ పంతులుగా ఒక చిన్న మాట, పాఠకులు విసుక్కోకూడదు. ఉర్దూలో “హ” శబ్దానికి రెండు అక్షరాలున్నాయి. పెద్ద హేతో రాస్తే “హలీం” అంటే ఓర్పు గలవాడు. అది అల్లాహ్ శుభనామాల్లో ఒకటి. అందుచేత తినే పదార్థానికి ఆ పేరేమిటని కొందరు అభ్యంతరపెట్టి, పప్పు ఉంటుంది గనుక “దలీం” అనాలన్నారు. ఇరాన్‌లో దీన్ని చిన్న హేతో రాసేవారూ ఉన్నారు, పెద్ద హేతో రాసేవారూ ఉన్నారు. తెలుగులో మనకు ఒకే ఒక్క హ గనుక ఈ తగాదా లేదు. తెలుగు అక్షరమాల మనకు చేసిన మేలు ఇదొకటి.

హైదరాబాదు హలీం వచ్చిన దారి వేరు. ఆసఫ్‌జాహీల సైన్యంలో యమన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు ఉండేవారు. వారినే చావుష్‌లు అంటారు. వారి బారకాసులున్న చోటే ఈనాటి బార్కస్. అక్కడ తీపి హరీస్, ఉప్పు హరీస్ రెండూ నేటికీ దొరుకుతాయి. ఆ అరబ్బుల హరీస్‌కు హైదరాబాదు మసాలా, మిరియం, వేయించిన ఉల్లిపాయ, పుదీనా తోడైనాయి. ముకల్లా సుల్తానుల వంశానికి చెందిన సైఫ్ నవాజ్ జంగ్ గారి విందుల ద్వారా నగరంలో దీనికి పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఇరానీ హోటళ్ళు దీన్ని అందుకున్నాయి. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. దేశంలో మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావటం అదే మొదలు. అందుకు పెట్టుకున్న నియమాలు గట్టివి. మేక మాంసం, మాంసం 10 పాళ్ళకు గోధుమ 4 పాళ్ళు, స్వచ్ఛమైన నెయ్యి, రాగి దేగు, కట్టెల పొయ్యి, పన్నెండు గంటల వంట. అక్బరు హరీసాలో పదికి ఐదున్న గోధుమ ఇక్కడ పదికి నాలుగైంది. అంటే పాదుషా వంటకం కంటె హోటలు వంటకంలో మాంసం వాటా హెచ్చింది! రుచికి మేము వంక పెట్టటం లేదు. వేడివేడిగా, పైన నిమ్మకాయ పిండుకుని తింటే దానికి సాటి లేదు. అది అమ్మకం వంటకం, దాని న్యాయం దానిది. పేరున్న చోట ఒక ప్లేటు రెండు వందలు దాటిన ఈ రోజుల్లో ఐదారుగురు ఉన్న కూలీ కుటుంబం దాని ముందు నుంచి నడిచి పోవలసిందే.

మరి మన సంగతేమిటి? మన పక్కనున్న కొండపల్లి పదహారవ శతాబ్దంలో గోల్కొండ చేతికి వచ్చింది. ఆ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వాడు. తర్వాత కొండపల్లిని ముస్తఫానగర్ సర్కారు అన్నారు, మన మైలవరం సీమ దాని కిందిదే. మచిలీపట్నం రేవు నుంచి గోల్కొండ ఓడలు బట్టలూ బియ్యమూ వేసుకుని ఎర్ర సముద్రంలోని మోఖాకు పోయేవి. ఇరానీ వర్తకులు బందరులో కాపురాలు పెట్టారు. అయితే 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఒప్పగించాడు. హైదరాబాదు సైన్యంలో అరబ్బుల ప్రాబల్యం పెరిగింది ఆ తర్వాతి శతాబ్దంలో. కాబట్టి బార్కస్ హరీస్ మన దాకా రాకుండానే సరిహద్దు పడింది. మన నానీలు, దాదీలు హలీం వండకపోవటానికి ఇదే కారణమై ఉంటుందని మా ఊహ. పైగా డెల్టాలో గోధుమ పండదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కింది మాగాణి అంతా వరే. మైలవరం మెట్ట ప్రాంతమే గాని ఇక్కడా గోధుమ లేదు.

గోధుమను అసలు ముట్టలేదనటానికీ వీల్లేదు. బందరు హల్వా సంగతి చూడండి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, బెల్లం పాకంలో పోసి, నెయ్యి వేస్తూ గంటల తరబడి కలియబెట్టాలి. హల్వా అన్న మాటే అరబీ మాట, తీపి అని అర్థం. చేసేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. తినేవారి సంగతి చెప్పనక్కర లేదు.

ఇంక దాల్చా. కొంచెం మాంసమూ ఎముకలూ, శనగపప్పు, సోరకాయ, చింతపండు పులుసు. మన ఇళ్ళలో పలావు పక్కన అది లేనిదే పెళ్ళి లేదు. రెండు కిలోల మాంసంతో వంద మందికి రుచి చూపించగల వంట అది. మా నానీ అటువంటి లెక్కలు వేళ్ళ మీద వేసేది. “ముక్క అందనివాడికి పులుసులోనైనా దాని వాసన అందాలి బేటా” అనేది. ఆమె ఆయినె అక్బరీ చదవలేదు. కాని అక్బరు హలీంలో ఉన్న ఆలోచనా, ఆమె దాల్చాలో ఉన్న ఆలోచనా ఒకటే. అందుచేత “ఇది హలీమా, దాల్చానా?” అని నవ్వేవారు తెలియకుండానే ఒక నిజం పలుకుతున్నారు. రెండూ ఒక కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళు. ఒకరు ఢిల్లీలో పెరిగారు, ఒకరు డెల్టాలో.

విజయవాడ వీధుల్లో రంజాను నెల హలీం బట్టీలు కనబడటం ఈ పాతికేళ్ళలో బాగా హెచ్చింది. 2014లో రాష్ట్రం రెండైనా హలీం మాత్రం సరిహద్దు చూసుకోలేదు. రోజా ఉన్నవారూ లేనివారూ, ముస్లిములూ కానివారూ ఒకే వరుసలో నిలబడి కొనుక్కుంటున్నారు. చూడటానికి ముచ్చటే. మా బాధ ఆ వరుసను గూర్చి కాదు. పంచుకునేందుకు పుట్టిన దేగు, ఇంటి పరువుకు కొలమానంగా మారటాన్ని గూర్చి. ఆడపిల్ల పెళ్ళిలో హలీం పెట్టాలని ఏ షరీఅత్‌లోనూ లేదు, మన పాత ఆచారంలోనూ లేదు.

సంఘం పెద్దలకు మా మనవి ఒకటి కలదు. రాబోయే రంజాను ఇఫ్తారుల్లో ఒక సాయంత్రం ఆయినె అక్బరీ లెక్క ప్రకారం హలీం వండించాలి. సేరుకు కిలో అనుకుంటే సరిపోతుంది. మాంసం 10, పొట్టు తీసి దంచిన గోధుమ 5, శనగపప్పు 1, నెయ్యి 1. పాలకూర, క్యారెట్టు మన మార్కెట్టులో దొరికేవే. షల్గం దొరక్కపోతే ముల్లంగి గాని, నానీల పద్ధతిలో సోరకాయ గాని వేయవచ్చు. సోపు ఆకు బదులు సోపు గింజలు. గోధుమ ముందు రాత్రే నానాలి. జుహర్ నమాజు కాకముందే పొయ్యి వెలగాలి. వీధిలోని వంట మాస్టరు గారిని అడిగితే, “సార్, వండుతాను గాని మెదపటానికి నలుగురు గట్టి కుర్రాళ్ళు కావాలి, గంటకొకసారి మనిషి మారాలి” అన్నారు. పదో తరగతి పిల్లలు ఎనిమిదిమంది ఇప్పటికే మా దగ్గర పేర్లు ఇచ్చారు. వారిలో ఇద్దరు మా బడి పిల్లలు కూడా కాదు, పక్క తెలుగు మీడియం బడి వారు.